యూదమతమున హసీదీ భక్తి మార్గము



శాస్త్రము చదువనివాని ప్రార్థన భగవంతుని చేరునా? అక్షరము రానివాడు, దినమంతయు కాయకష్టము చేసికొని బ్రతుకువాడు, స్తుతిని తప్పుగా పలుకువాడు దైవసన్నిధికి అర్హుడగునా, కాడా? ఈ ప్రశ్న ఏ ఒక్క మతమునకో చెందినది కాదు. దేవుని నమ్మిన ప్రతి సమాజమునందును ఏదో ఒక కాలమున ఇది తలయెత్తుచునే యున్నది. పదునెనిమిదవ శతాబ్దమున తూర్పు ఐరోపాలోని యూదుల మధ్య ఈ ప్రశ్న మిక్కిలి తీవ్రమైనది. ఒకే దేవుని కొలుచువారిని అది రెండు పక్షములుగా చీల్చినది. బహిష్కారములకును, కారాగారవాసములకును దారితీసినది. తుదకు ఇరుపక్షములకును బుద్ధి గరపి చల్లారినది. ఆ కథయే హసీదీ మార్గము యొక్క కథ. దాని అర్థమును, ఆవిర్భావమును నేటి ప్రసంగమున యథాశక్తిగా మనవి చేయదలచినాము.

పరమత విషయము మనకేల అని కొందరు అనుకొనవచ్చును. ఇరుగింటి దీపమును చూచినవాడు తన ఇంటి దీపమునకు చమురున్నదో లేదో చూచుకొనును. మా ఉద్దేశమును అంతియే. వారి మార్గమును మన మార్గమును ఒక్కటేయని చెప్పుటకు మేము రాలేదు. వారిది నిరాకారుడైన ఏకేశ్వరుని ఆరాధన; విగ్రహమును వారు అంగీకరింపరు; అవతారమును అంగీకరింపరు. ఆ భేదములను చెరిపివేయక, వారిని వారిగానే చూచినప్పుడే వారినుండి మనము నేర్వగలము.

గ్రంథమే ఆలయమైన జాతి

యూదులకు పరమ ప్రమాణము తోరా. మోషే ప్రవక్తకు దైవము అనుగ్రహించినట్టివని వారు విశ్వసించు అయిదు గ్రంథములకు ఆ పేరు. అందలి విధి నిషేధములు 613 అని వారి సంప్రదాయ గణనము. వాని అర్థమును గూర్చి తరతరముల పండితులు చేసిన చర్చల మహాసముద్రము తాల్ముద్. క్రీ.శ. 70వ సంవత్సరమున రోమనులు జెరూసలేములోని దేవాలయమును ధ్వంసము చేసిరి. నాటితో బలులు, అర్చనలు నిలిచిపోయినవి. దేశ దేశములకు చెదరిన ఆ ప్రజలకు ప్రార్థనయు, శాస్త్రాధ్యయనమును మాత్రమే మిగిలినవి. ఆలయము లేని జాతికి గ్రంథమే ఆలయమైనది.

కావున వారిలో పండితునకు గల గౌరవము అపారము. ధనికుడు తన కుమార్తెను పేద పండితునకిచ్చి వివాహము చేసి, అల్లుని సంవత్సరముల తరబడి ఇంట ఉంచుకొని పోషించుట పుణ్యముగా భావించెడివాడు. ఇది గొప్ప సంప్రదాయము. కాని ప్రతి గొప్పదనమునకును ఒక నీడ యుండును. అధ్యయనమే దైవసన్నిధికి ద్వారమైనప్పుడు, చదువుకొనుటకు తీరికయు తిండియు లేనివాడు ఆ ద్వారము బయటనే నిలువవలసి వచ్చినది.

హసీద్ అను పదము

హీబ్రూ భాషలో ‘హెసెద్’ అనగా ప్రేమతో కూడిన దయ. ఋణము తీర్చుట వంటిది కాదు; ఇయ్యవలసినదానికి మించి ఇచ్చుట. అట్టి గుణము గలవాడు ‘హసీద్’. అనేకులైనచో ‘హసీదీమ్’. విధి ఎంతవరకు చెప్పినదో అంతవరకు చేయువాడు ధర్మపరుడు. విధి అడుగనిదానిని గూడ ప్రేమచే చేయువాడు హసీద్. పూర్వకాలపు హసీదులు ప్రార్థనకు ముందు ఒక గడియసేపు మౌనముగా కూర్చుండి, హృదయమును దేవునివైపు త్రిప్పుకొని, పిదప ప్రార్థించెడివారని వారి ప్రాచీన స్మృతి గ్రంథమైన మిష్నా చెప్పుచున్నది.

ఈ పేరు చరిత్రలో ముమ్మారు వినవచ్చును. క్రీ.పూ. రెండవ శతాబ్దమున గ్రీకు రాజుల బలవంతమునకు లొంగక స్వధర్మమునకై నిలిచిన భక్తులకు ఈ పేరుండెను. పండ్రెండు, పదమూడు శతాబ్దములలో జర్మనీలోని రైన్ నదీతీరమున యెహూదా అను మహనీయుని అనుచరులకును ఇదే పేరు. ఆయన 1217లో పరమపదించెను. వారు కఠినమైన ఉపవాసములు, ప్రాయశ్చిత్తములు ఆచరించు తపస్వులు. మూడవమారు, పదునెనిమిదవ శతాబ్దమున వినవచ్చిన హసీదీ మార్గమే నేటి మన విషయము. పేరు పాతదే, స్వభావము మాత్రము క్రొత్తది. అది శరీరమును శోషింపజేయు మార్గము కాక, ఆనందముచే దేవుని చేరు మార్గమైనది.

అది పుట్టిన కాలము

1648వ సంవత్సరమున ఉక్రెయిన్ ప్రాంతమున బోగ్దాన్ ఖ్మెల్నిత్స్కీ నాయకత్వమున కొసాక్కులు పోలండ్ ప్రభువులపై తిరుగుబాటు చేసిరి. ఆ అల్లకల్లోలమున వేలాది యూదులు ఊచకోతకు గురియైరి. ఊళ్లకు ఊళ్లు పాడుపడినవి. దుఃఖభారముచే క్రుంగిన ప్రజలు రక్షకునికై ఎదురుచూచుచున్న సమయమున, 1665లో షబ్బెతాయి జ్వీ అనువాడు తానే ఆ రక్షకుడనని ప్రకటించుకొనెను. ఐరోపా ఆసియాలలోని యూదులలో అనేకులు నమ్మిరి. కొందరు ఇండ్లు వాకిండ్లు అమ్ముకొని పవిత్రభూమికి ప్రయాణ సన్నద్ధులైరి. మరుసటి సంవత్సరముననే, తుర్కీ సుల్తాను ఎదుట ప్రాణభయముచే అతడు మతము మార్చుకొనెను. నమ్మినవారి గుండెలు పగిలినవి.

ఈ రెండు గాయములు మానకముందే దారిద్ర్యము తోడైనది. పల్లెలలో, చిన్న పట్టణములలో సారాయి అంగళ్లు నడుపుకొనుచు, బండ్లు తోలుకొనుచు, బట్టలు కుట్టుకొనుచు బ్రతుకు యూదులకు శాస్త్రము చెప్పువారు అరుదు. ఊరూర తిరుగు ప్రవచకులు వచ్చినను, నరకబాధలు వర్ణించి భయపెట్టి పోయెడివారే ఎక్కువ. ఆ సమయమున ఆ జనులకు కావలసినది మరియొక భయము కాదు, ఒక ఆదరణ వాక్యము. ఆ వాక్యమును చెప్పినవాడు బాల్ షేమ్ తోవ్.

బాల్ షేమ్ తోవ్

ఆయన అసలు పేరు ఇజ్రాయేల్ బెన్ ఎలియేజర్. సుమారు 1700 ప్రాంతమున పొదోలియా సీమలోని ఒకోపి అను ఊరిలో జన్మించెను. ఆ సీమ నేడు ఉక్రెయిన్ దేశములోనిది. బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయెనని చెప్పుదురు. యౌవనమున బడిపంతులునకు సహాయకుడై, పసిపిల్లలను ఇండ్లనుండి బడికి తోడ్కొనిపోవుచు, దారిపొడవునను వారిచే స్తుతిగీతములు పాడించెడివాడట. వివాహానంతరము కార్పేతియన్ పర్వతములలో నివసించుచు ఆయన మట్టి త్రవ్వగా, భార్య దానిని బండిమీద ఊరికి కొనిపోయి అమ్మెడిదట. ఆ కొండలలో, ఆ ఏకాంతమున, ఆయనకు ఆత్మానుభవము కలిగెనని భక్తుల విశ్వాసము. ముప్పదియారవ యేట లోకమునకు తన్ను తాను వెల్లడించుకొనెనని సంప్రదాయము.

‘బాల్ షేమ్’ అనగా నామమునకు అధిపతి. భగవన్నామ బలముచే రోగములు కుదుర్చుచు, తాయెత్తులు కట్టువారికి నాడు ఆ పేరుండెను. అట్టివారు అనేకులుండిరి. ‘తోవ్’ అనగా మంచి. శరీరవ్యాధులు కుదుర్చ వచ్చిన ఈయన వారి మనోవ్యాధిని కుదిర్చెను.

పై కథలు ఆయన మరణించిన అర్ధశతాబ్దము పిదప, 1814-15 ప్రాంతమున గ్రంథరూపమున అచ్చైనవి. కావున వానిలో భక్తుల నోట పెరిగినవి అనేకములుండును. అయితే ఆయన కల్పితుడు కాడు. మెద్జిబిజ్ పట్టణపు పాత పోలిష్ పన్ను లెక్కలలో ఆయన ప్రస్తావన కలదనియు, సమాజమునకు చెందిన గృహమున పన్ను లేకుండ నివసించెననియు మోషే రోస్మన్ అను చరిత్రకారుడు 1996లో ప్రచురించిన గ్రంథమున చూపినాడు. అనగా ఆయన ఊరివెలుపలి తిరుగుబాటుదారు కాడు. ఊరివారు ఆదరించి పోషించిన గురువు. 1760లో ఆ పట్టణముననే దేహము చాలించెను. ఆయన స్వయముగా గ్రంథమేదియు వ్రాయలేదు. భార్య సోదరుడైన గెర్షోనునకు వ్రాసిన ఒక లేఖ మిగిలినది. 1746వ సంవత్సరపు యూద సంవత్సరాది నాడు తన ఆత్మ ఊర్ధ్వలోకములకు పోయి, రాబోవు రక్షకుని దర్శించి, తమరు ఎప్పుడు వత్తురని అడిగినదనియు, నీ బోధయొక్క ఊటలు వెలుపలి జనులకు ప్రవహించినప్పుడని సమాధానము వచ్చినదనియు ఆ లేఖలో వ్రాసెను. గోడల లోపల నిలిచియున్న జలము వెలుపలకు ప్రవహింపవలయును. ఆ మార్గమంతయు ఈ ఒక్క మాటలో ఇమిడియున్నది.

బోధలోని సారము

మొదటిది: దేవుడు లేని చోటు లేదు. కబ్బాలా అను యూద రహస్యవిద్యలో, పదునారవ శతాబ్దమున సఫేద్ నగరమున వెలసిన ఇస్సాకు లూరియా ఒక బోధ చేసియుండెను. సృష్ట్యాదియందు దివ్యతేజస్సును నింపిన పాత్రలు పగిలి, ఆ తేజస్సు యొక్క రవ్వలు సమస్త వస్తువులలోను చెదరిపడినవనియు, మానవుడు సత్కర్మలచే వానిని తిరిగి పైకి ఎత్తవలయుననియు దాని భావము. ఇది అంతవరకు కొలదిమంది సాధకుల సొత్తు. బాల్ షేమ్ దీనిని సామాన్యుని ముంగిటికి తెచ్చెను. తినుచున్న రొట్టెలో, కుట్టుచున్న బట్టలో, తోలుచున్న బండిలో ఆ రవ్వ యున్నది. ఆ పనిని దేవుని స్మరించుచు చేసినవాడు దానిని విడిపించినవాడగును.

రెండవది: ‘దేవేకూత్’. అనగా అంటిపెట్టుకొనియుండుట. మనస్సు ఎల్లప్పుడును దేవుని వీడకుండుట. పండితులు దీనిని సాధనకు తుదిమెట్టుగా భావించిరి. హసీదులు మొదటిమెట్టుగా చేసిరి.

మూడవది: ఆనందము. దుఃఖము పాపమని వారు చెప్పలేదు. కాని విషాదమున మునిగినవాని హృదయము మూసికొనిపోవుననియు, మూసికొన్న హృదయమున ప్రార్థన పుట్టదనియు చెప్పిరి. యాకోబ్ యోసెఫ్ అను మహాపండితుడు ఉపవాసములచే శరీరమును క్షీణింపజేసికొనుచుండగా, బాల్ షేమ్ ఆయనకు లేఖ వ్రాసి వారించెనని ప్రసిద్ధి. ఆ పండితుడే గురుబోధలను సంకలనము చేసి 1780లో అచ్చువేసెను. హసీదీ గ్రంథములలో మొట్టమొదట అచ్చైనది అదియే.

నాల్గవది: ‘కవానా’, అనగా భావశుద్ధి. దీనికి హసీదులు చెప్పుకొను కథ ఒకటి కలదు. ఒక పల్లెటూరివాని కుమారునకు ఎంత ప్రయత్నించినను అక్షరములు పట్టుబడలేదు. పశువులను కాయుచు ఈలపిల్లంగ్రోవి ఊదుకొనెడివాడు. యూదులకు అత్యంత పవిత్రమైన ప్రాయశ్చిత్త దినమున తండ్రి వానిని బాల్ షేమ్ ప్రార్థన చేయు మందిరమునకు తీసికొనిపోయెను. చుట్టును అందరును గ్రంథములు పట్టుకొని కన్నీటితో ప్రార్థించుచుండగా, తనకేమియు రాదని బాలుని హృదయము తపించెను. పిల్లంగ్రోవి ఊదెదనని తండ్రిని బ్రతిమాలెను. వాద్యమును తాకుట ఆనాడు నిషిద్ధము గనుక తండ్రి వాని జేబును గట్టిగా పట్టుకొనెను. సాయంకాలము ద్వారములు మూయు వేళకు చేయు తుది ప్రార్థన నడచుచుండగా, బాలుడు చేయి విడిపించుకొని ఒక్కమారు గట్టిగా ఊదెను. సభ నిర్ఘాంతపోయినది. బాల్ షేమ్ మాత్రము ప్రసన్నుడై, అందరి ప్రార్థనలును ఈ పిల్లవాని ఊపిరితో పైకి చేరినవని పలికెనట.

విధిని మీరవచ్చునని ఈ కథ చెప్పుట లేదు. ఆ బాలుడు విధిని ధిక్కరించినవాడు కాడు. తనవద్దనున్న ఒక్కదానిని దేవునికి అర్పించినవాడు. ఈ భేదమును మరచినచో కథ చెడిపోవును.

శిష్య పరంపర

బాల్ షేమ్ పిదప మెజెరిచ్ పట్టణమున దోవ్ బేర్ అను పండితుడు ఆ మార్గమునకు నాయకుడయ్యెను. ఆయన రోగి, కుంటుచు నడచువాడు, ఊరూర తిరుగలేనివాడు. అందుచే శిష్యులే ఆయనకడకు వచ్చి, తిరిగి దేశమంతటను వ్యాపించిరి. వారిలో ఒకడు, మీరు ఆ గురువువద్దకు ఏ శాస్త్రము వినుటకు పోయితిరని అడుగగా, శాస్త్రము వినుటకు కాదు, ఆయన చెప్పుల త్రాళ్లు ఎట్లు ముడివేసికొనునో చూచుటకు పోయితినని చెప్పెనట. గురువు యొక్క ప్రతి కదలికయు శాస్త్రమేయని దీని భావము.

బెర్దిచేవ్ పట్టణపు లేవీ ఇస్సాకు దయకు పెట్టినది పేరు. ఒకనాడు ఒక బండివాడు ప్రార్థనా వస్త్రము కప్పుకొని, ప్రార్థన చేయుచునే బండిచక్రములకు కందెన రాయుచుండెను. చూచినవారు అపచారమని మండిపడిరి. లేవీ ఇస్సాకు మాత్రము ఆకాశమువైపు చూచి, ప్రభూ, నీ ప్రజలు ఎంతటివారో చూడుము, చక్రములకు కందెన రాయునప్పుడు గూడ నిన్ను మరువరని మొరపెట్టుకొనెనట. దోషమును చూచు కన్ను ఒకటి, ఆ దోషములోనే భక్తిని చూచు కన్ను ఒకటి. హసీదీ గురువులు ఈ రెండవ కన్నును తెరవగోరిరి.

హనిపోల్ నివాసియైన జూస్యా మరియొక శిష్యుడు. పరలోకమున నన్ను, నీవు మోషే వలె ఏల ఉండలేదని అడుగరు. నీవు జూస్యా వలె ఏల ఉండలేదని అడుగుదురని ఆయన చెప్పెడివాడట. ఎవని సాధన వానిది. మరియొకని ఎత్తును చూచి క్రుంగువాడును, మరియొకని పల్లమును చూచి పొంగువాడును తన దారి తప్పినవారే.

పండితుల అభ్యంతరము

ఇంత మంచి మార్గమును వ్యతిరేకించినవారు దుర్మార్గులని మనము అనుకొనరాదు. వ్యతిరేకించినవాడు సామాన్యుడు కాడు. లిథువేనియాలోని విల్నా నగరవాసి ఎలియా బెన్ సొలొమోన్, ‘గావోన్’ అనగా మహామేధావి యని పేరుపొందినవాడు. 1720లో జన్మించి 1797 వరకు జీవించెను. పదవిని కోరక, రేయింబవళ్లు అధ్యయనమున గడపిన తపోధనుడు. ఆయన ఆమోదముతో 1772లో విల్నా సమాజము హసీదులను బహిష్కరించినది. 1781లో మరల బహిష్కార ప్రకటన వెలువడినది.

ఆరోపణలు ఇవి. వారు వేరు మందిరములు ఏర్పరచుకొనిరి. ప్రార్థనా క్రమమును మార్చిరి. విహిత సమయము దాటిన పిదప ప్రార్థించుచున్నారు. ప్రార్థనలో గంతులు వేయుచున్నారు, పిల్లిమొగ్గలు వేయుచున్నారు. శాస్త్రాధ్యయనమును చులకన చేయుచున్నారు. వీనికి మూలమున ఇంకను లోతైన భయము కలదు. దేవుడు సర్వత్ర ఉన్నాడని సామాన్యులకు బోధించినచో శుద్ధాశుద్ధ భేదము చెరిగిపోదా? ఒక మనుష్యుని గురువని ఇంతగా పైకెత్తినచో షబ్బెతాయి జ్వీ నాటి మోసము మరల జరుగదా? నూరేండ్లనాడు కాలిన చేతుల మంట ఇంకను వారికి గుర్తున్నది. కావున వారి భయము నిరాధారము కాదు.

హసీదీ నాయకులిద్దరు సమాధానము చెప్పుకొనుటకు విల్నా పోయిరి. గావోన్ వారిని చూచుటకు అంగీకరింపలేదు. ఆ ఇద్దరిలో ఒకడు ష్నేయూర్ జల్మాన్. తరువాత కొందరు ప్రత్యర్థులు, ఈయన తుర్కీ ఏలుబడిలోని పవిత్రభూమికి ధనము పంపుచున్నాడని రష్యా ప్రభుత్వమునకు ఫిర్యాదు చేసిరి. పేద భక్తుల పోషణకు పంపిన ధనము శత్రుదేశమునకు సహాయమని నేరమైనది. 1798లో ఆయనను బంధించి సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమున చెరసాలలో ఉంచిరి. విచారణలో నిర్దోషియని విడుదల చేసిరి.

మహాశయులారా! ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలయును. అన్యాయముగా చెరపాలై, గెలిచి బయటపడిన నాయకుడు ఏమి చేయును? విజయోత్సవము చేయును, ప్రత్యర్థుల ఇండ్ల ముందు ఊరేగింపు తీయును. ష్నేయూర్ జల్మాన్ తన అనుచరులకు ఒక లేఖ వ్రాసెను. దేవుడు చేసిన మేలు మనలను మరింత చిన్నవారినిగా చేయవలయును గాని పెద్దవారినిగా చేయరాదని, ప్రత్యర్థులను హేళన చేయరాదని, వారిపై విర్రవీగరాదని, వినయముతో మెలగవలయునని గట్టిగా ఆజ్ఞాపించెను. ఆయన విడుదలయైన దినమును అనుచరులు నేటికిని పండుగగా జరుపుకొందురు. ఆ పండుగకు నిజమైన అర్థము విడుదలలో లేదు, ఈ లేఖలో ఉన్నదని మేము భావించుచున్నాము.

భక్తికి జ్ఞానము తోడగుట

ఆ మహనీయుడే 1796లో ‘తన్యా’ అను గ్రంథమును ప్రచురించెను. ఆయన శాఖకు ‘హబాద్’ అని పేరు. హొఖ్మా, బీనా, దఅత్ అను మూడు పదముల మొదటి అక్షరములు కలిపిన పేరిది. అనగా ప్రజ్ఞ, వివేచన, జ్ఞానము. పండితులు భక్తులను చూచి, మీకు చదువు లేదనిరి. భక్తుడు కోపగింపక, నిజమే, చదువు కావలయునని చదువును లోనికి తెచ్చుకొనెను. క్షణికమైన ఆవేశము ఆరిపోవుననియు, దైవమహిమను గూర్చి దీర్ఘముగా విచారించిన బుద్ధినుండి పుట్టిన ప్రేమ నిలుచుననియు ఆయన బోధ.

తన్యా గ్రంథమునకు మధ్యముల గ్రంథమని మరియొక పేరు. లోపలి దుష్ప్రవృత్తిని సమూలముగా జయించిన సిద్ధపురుషులు అరుదు. అట్లు కాలేకపోయితినని సామాన్యుడు కుమిలిపోనక్కరలేదు. లోపల చెడుకోరిక పుట్టుచునే యుండును. దానిని మనసా వాచా కర్మణా రాజ్యమేలనీయకుండ ప్రతిదినమును పోరాడువాడే మధ్యముడు. ఆ స్థితి ప్రతివానికిని సాధ్యము. కోరిక పుట్టుటయే పాపమని భయపెట్టక, పోరాటమే నీ సేవయని ధైర్యము చెప్పుట ఈ గ్రంథము చేసిన మేలు.

అటు పండితుల పక్షమునను మార్పు వచ్చినది. గావోన్ శిష్యుడైన హయీమ్ 1803లో వొలొజిన్ పట్టణమున గొప్ప విద్యాపీఠమును స్థాపించి, అధ్యయనమునకు ఆత్మశుద్ధిని తోడుచేసెను. 1804లో రష్యా ప్రభుత్వము వేరు మందిరములకు అనుమతినిచ్చినది. కాలక్రమమున నాస్తికత్వము ప్రబలుచుండగా, ఇరుపక్షములును తమకు గల సామ్యమును గుర్తించి కలసి నిలువసాగినవి. భక్తిలేని చదువు ఎండిన కట్టె. చదువులేని భక్తి గాలిలో దీపము. ఈ సత్యమును వారు బహిష్కారములు, చెరసాలలు దాటి తెలిసికొనిరి.

గురువు: ఆదరువు, ఆపద

హసీదీ గురువును ‘త్సాదిక్’ అనగా ధర్మాత్ముడనియు, ‘రెబ్బె’ యనియు పిలుతురు. భక్తుడు తన కష్టమును చీటీపై వ్రాసి ఆయనకు సమర్పించును. విశ్రాంతి దినమున గురువు భోజనము చేయగా మిగిలినదానిని అందరును పంచుకొందురు. పదములు లేని రాగములను గంటల తరబడి కలసి పాడుదురు. మాట ముగిసినచోట రాగము మొదలగునని వారి భావము. గేర్, బెల్జ్, సత్మార్, లుబావిచ్ మొదలగు ఊళ్ల పేర్లతోనే గురుపీఠములు వెలసినవి.

అయితే పీఠము తండ్రినుండి కుమారునకు సంక్రమించుట మొదలైన పిదప, గుణము వెంట రానిచోట గూడ పదవి వెంట వచ్చినది. కొన్ని పీఠములలో రాజవైభవము పెరిగినది. పీఠములకు పీఠములకు మధ్య కలహములు పుట్టినవి. పురుషులు నెలల తరబడి గురువు సన్నిధికి పోగా ఇంటిభారమంతయు స్త్రీలపై పడినది. ఆ సభలలో వారికి చోటు స్వల్పము. ద్వారము తెరచుటకు పుట్టిన మార్గమున క్రొత్త ద్వారపాలకులు వెలసిరన్నమాట. దీనిని లోపలివారే ఖండించిరి. బాల్ షేమ్ మునిమనుమడైన బ్రెస్లోవ్ నహ్మాన్, ప్రతివాడును దినమునకు కొంతసేపు పొలములకో అడవికో ఏకాంతముగా పోయి, తన మాతృభాషలో, తన మాటలతో, స్నేహితునితో చెప్పుకొన్నట్లు దేవునితో చెప్పుకొనవలయునని బోధించెను. ఆయన 1810లో ఉమాన్ పట్టణమున మరణించెను. అనుచరులు ఆయనకు బదులుగా మరియొక గురువును ఎన్నుకొనలేదు. నేటికిని ప్రతి సంవత్సరాదికి వేలాది భక్తులు ఉమానులోని సమాధికి పోవుచున్నారు. 2022లో అక్కడ యుద్ధము తీవ్రమైన పిదపను ఆ యాత్ర ఆగలేదు.

అగ్నిపరీక్ష

ఈ మార్గమునకు వచ్చిన నిజమైన పరీక్ష పండితులనుండి కాదు, హిట్లరు నుండి. 1939 నుండి 1945 వరకు జరిగిన సంహారమున పోలండ్ యూదులలో నూటికి తొంబదిమంది నశించిరి. హసీదీ పట్టణములు ఒక్కొక్కటిగా తుడిచిపెట్టుకొనిపోయినవి. ఆనందమే సాధనమన్న మార్గము అక్కడ ఏమి చెప్పగలదు?

పియాసెచ్నో పీఠపు గురువు కలోనిమస్ కల్మన్ షపీరా వార్సా నగరమున నిర్బంధవాడలో చిక్కుకొనెను. యుద్ధము మొదలైన నెలలోనే బాంబుల దెబ్బకు ఆయన ఏకైక కుమారుడు మరణించెను. అయినను 1942 వేసవి వరకు ఆకలితో మాడుచున్న ప్రజల మధ్య ప్రసంగములు చేయుచునే యుండెను. విశ్రాంతి దినమున వ్రాయుట నిషిద్ధము గనుక, దినము గడచిన పిదప వానిని వ్రాసి భద్రపరచెను. శిక్షలకు కారణము మన పాపములేయని ఆయన తేలికగా చెప్పి తప్పించుకొనలేదు. పూర్వపు కష్టములను మించిన కష్టమిది, ఇట్టిది మునుపెన్నడును లేదని 1942 చివర తన వ్రాతకు తానే జోడించెను. దేవుడు గూడ లోపలి గదిలో మనకొరకై ఏడ్చుచున్నాడనియు, మన ఏడుపును ఆయన ఏడుపుతో కలుపుకొన్నవాడు ఒంటరి కాడనియు ఆయన చెప్పగలిగిన ఓదార్పు. ఆ కాగితములను పాలబిందెలో ఉంచి భూమిలో పాతిపెట్టిరి. 1943లో ఆయనను చంపిరి. యుద్ధానంతరము పునాదులు త్రవ్వుచుండగా ఆ బిందె దొరకినది. 1960లో ‘పవిత్రాగ్ని’ యను అర్థము గల పేరుతో ఆ ప్రసంగములు అచ్చైనవి. ప్రసంగమును వినుటకు హాయిగా కూర్చుండియున్న మనము, ఆ ప్రసంగములను విన్నవారిని ఒక్కమారు తలచుకొనుట ధర్మము.

మిగిలిన కొలదిమంది న్యూయార్క్, జెరూసలేము మొదలగు నగరములలో పీఠములను మరల నెలకొల్పిరి. లుబావిచ్ గురువు మెనాఖెమ్ మెండెల్ ష్నేయర్సన్ 1994లో పరమపదించువరకు తన ప్రతినిధులను దేశ దేశములకు పంపెను; ఆ పరిపాటి నేటికిని సాగుచున్నది. మన దేశముతో వారికి గల సంబంధము కన్నీటితో తడిసినది. ముంబయి నగరమున నారిమన్ హౌస్ అను భవనమున, వచ్చిపోవు బాటసారులకు అన్నము పెట్టుచు, ప్రార్థన జరిపించుచు ఉండిన గవ్రియేల్, రివ్కా హోల్ట్‌జ్‌బర్గ్ దంపతులు ఈ శాఖవారే. 2008 నవంబరు మాసపు ముష్కర దాడిలో వారు హతులైరి. రెండేండ్ల వారి కుమారుని, ఆ ఇంట పనిచేయు భారతీయురాలైన ఆయా తన ప్రాణమునకు తెగించి ఎత్తుకొని బయటపడినది. ‘హెసెద్’ అనగా ఇయ్యవలసినదానికి మించి ఇచ్చుట యని మేము మొదట చెప్పినాము. ఆ పదమునకు ఇంతకన్న వ్యాఖ్యానము మేమెరుగము.

ఉపసంహారము

కావున మొదటి ప్రశ్నకు వత్తము. చదువురానివాని ప్రార్థన దేవుని చేరునా? చేరునని హసీదులు చెప్పిరి. చేరును గాని, చదువును తృణీకరించినచో ఆ దారి మూసికొనిపోవునని పండితులు హెచ్చరించిరి. ఇరువురి మాటయు నిజమే. దేవాలయమున మన ప్రక్కన నిలిచి, స్తోత్రమును తప్పుగా చదువు కూలివానిని చూచినప్పుడు, ఆ బండివానిని జ్ఞాపకము చేసికొందము. మనకు శాస్త్రము కొంచెము తెలిసినదని గర్వము కలిగినప్పుడు, చెర వీడి వచ్చి తలవంచిన ఆ గురువును జ్ఞాపకము చేసికొందము. నాకేమియు రాదని నిరాశ కలిగినప్పుడు, జేబులోని పిల్లంగ్రోవిని జ్ఞాపకము చేసికొందము.

సర్వాంతర్యామియైన ఆ పరమాత్మ మనకందరకును భావశుద్ధిని, వినయమును, ఆనందమును అనుగ్రహించుగాక యని ప్రార్థించుచు ఈ ప్రసంగమును ముగించుచున్నాము.

స్వస్తి.